అవ్వ చెవులతో చూసిన మాయాబజార్

"అత్తకు కండ్లు ఆనవు గదా బావా, ఆమెకు గూడా టిక్కెట్టెందుకు? ఇంట్లో చల్లగా పండుకుంటుంది" అన్నాడు మా నంద్యాల మామ.

ఆయన చెడ్డ మనసుతో అన్న మాట కాదు. 1965 ఎండాకాలంలో వాళ్ళింట్లో పెళ్ళికని ఆళ్ళగడ్డ నుంచి మేమందరం నంద్యాల వెళ్ళాము. పెళ్ళి అయిపోయింది. ఊళ్ళో 'మాయాబజార్' మళ్ళీ వచ్చిందని తెలిసింది. ఇంటిల్లిపాదీ రెండో ఆటకు బయలుదేరాము. మామ వేళ్ళ మీద లెక్క వేసుకుంటూ మా అవ్వ దగ్గరికి వచ్చేసరికి ఆగాడు.

మా నాయన ఏమీ అనలేదు. తాలూకా కచేరీలో గుమాస్తాగిరీ చేసే మనిషి, బావమరిది ఖర్చుతో సినిమాకు పోతూ ఏమంటాడు? అవ్వే గోడవారనుంచి అందుకుంది.

"టిక్కెట్టు కండ్లకు గాదు నాయనా, మనిషికి. నా టిక్కెట్టు నేనే కొనుక్కుంటాలే" అని కొంగుముడి విప్పింది.

మామ నొచ్చుకున్నాడు. డబ్బులు తీసుకోలేదు. టిక్కెట్టు తీశాడు. అవ్వ పక్కన కూర్చుని తెరమీద జరిగేదంతా చెవిలో చెప్పే పని పదేళ్ళవాణ్ణి గదా అని నాకు అప్పగించారు. ఆ పని నేను ఎంత అధ్వాన్నంగా చేశానో, ఆవిడ నాకు ఎంత నేర్పిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

అవ్వ చెవుల చదువు

అవ్వ కళ్ళకు అప్పటికి అయిదారేళ్ళుగా శుక్లాలు. వెలుగు, చీకటి తెలిసేవి. మనిషి అడ్డం వస్తే నీడగా తోచేది. అంతే. ఆపరేషను మాట ఎత్తితే, "ఉన్న వెలుగు గూడా పోతే?" అనేది.

కాని అంతకు ముందు ఆమె చూడని ఆట లేదు. నల్లమల అంచున వున్న మా వైపు పల్లెల్లో తోలుబొమ్మలాట అంటే తెల్లవార్లూ జరిగేది. అహోబిలం తిరునాళ్ళకు పోతే అక్కడొక ఆట. మా తాత వుండగా కడప వైపు సురభి వాళ్ళ డేరా పడిందంటే బండి కట్టించుకుని పోయేవారట. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావుగారు 'కీచకవధ' ఆడించినప్పుడు మొదలైన సమాజం అది. కుటుంబాలకు కుటుంబాలే నాటకంలో పుట్టి నాటకంలో పెరిగిన మనుషులు. గాలిలో ఎగిరే ఘటోత్కచుణ్ణి, వాటంతట అవే కదిలే పళ్ళాలను సినిమా కంటే ముందు మన జనానికి చూపించినవాళ్ళలో వాళ్ళు ముఖ్యులు. శశిరేఖా పరిణయం కథ వ్యాసుడి భారతంలో లేదు. జనం నోట పుట్టి, బొమ్మలాటలోనూ నాటకంలోనూ పెరిగి, 1936లో ఒకసారి సినిమాగా వచ్చి, 1957 మార్చి 27న విజయావారి చేతుల్లో మళ్ళీ కొత్త జన్మ ఎత్తింది.

బొమ్మలాటలో వుండే సొగసేమిటంటే, అక్కడ మాటలన్నీ తెర వెనకనుంచే వస్తాయి. నలుగురయిదుగురు మనుషులే రాముడికి, రావణుడికి, జుట్టుపోలిగాడికి, బంగారక్కకు గొంతులిస్తారు. చూసేవాడికి ముందు వినపడేది గొంతు. ఆ తరువాతే బొమ్మ. యక్షగానంలోనూ ఇంతే. పాత్ర తెర దాటి రాకముందే ప్రవేశ దరువు వస్తుంది. వచ్చేది రాజా, రాక్షసుడా, వగలాడా అన్నది దరువు నడకలోనే తెలిసిపోతుంది. పక్కకు తిరిగి కబుర్లు చెప్పుకునేవాడు కూడా ఆ దరువు విని ఇటు తిరుగుతాడు.

ఇంత చదువు చదివిన చెవులతో అవ్వ ఆ రాత్రి కుర్చీలో కూర్చుంది.

పడవలో తగవు లేదు

ఆట మొదలు కాగానే నేను నా పని మొదలు పెట్టాను. "అవ్వా, రాజభవనం. పెద్ద స్తంభాలు. కిరీటాలు పెట్టుకున్నారు..." అంటూ గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాను. అయిదు నిమిషాలు ఓపిక పట్టింది.

"స్తంభాలు వాండ్ల ఇంట్లో వుంటే వుండనీరా. నువ్వు నోరు మూసుకుంటే నాకు కనపడుతుంది" అన్నది.

నాకు చిన్నతనంగా వుంది. ఊరుకున్నాను.

శకుని మాట మొదటిసారి వినగానే అవ్వ ఉలిక్కిపడింది. "ఇది కృష్ణుని గొంతు గదా! మాయదారి పాచికలు వీనికెందుకు?" అన్నది. శకుని వేషం సి.యస్.ఆర్. ఆంజనేయులుగారిది. సినిమా కృష్ణుడు ఎన్.టి. రామారావుగారు కాకముందు, రంగస్థలం మీద కృష్ణ వేషమంటే గుర్తుకు వచ్చే పేర్లలో సి.యస్.ఆర్. ఒకరు. ఆ తియ్యని గొంతునే శకునికి పెట్టడంలో ఎంత తెలివి వుందో అవ్వ ఆశ్చర్యం వల్లనే నాకు తరువాత తెలిసింది. కుట్ర చేసేవాడు కటువుగా మాట్లాడితే ఎవడు నమ్ముతాడు?

వెన్నెల్లో పడవ పాట వచ్చింది. మోహన రాగం. అయిదే స్వరాలు. ఘంటసాల, పి. లీల పాడారు. ముందు పడవలో అభిమన్యుడు, శశిరేఖ వుంటారు. తరువాత కృష్ణుడు, రుక్మిణి. ఆ తరువాత బలరాముడు, రేవతి. మార్కస్ బార్ట్లే కెమెరాతో పట్టిన ఆ వెన్నెల గురించి అందరూ చెబుతారు. అవ్వకు ఆ వెన్నెల లేదు. జంట మారినప్పుడల్లా నేను ఆమె చెయ్యి నొక్కి పేర్లు చెప్పాను. మూడు జంటలకూ అవే రెండు గొంతులు, అదే వరస. నాకది లోపంగా తోచింది. కృష్ణుడి గొంతు, అభిమన్యుడి గొంతు ఒకటే ఎట్లా అవుతుంది?

అవ్వకు అట్లా తోచలేదు. "ఒక్క పాటలో అందరూ ఎక్కినారు. ఆ పడవలో వున్నంతసేపు ఆ ఇంట్లో తగవు లేదు" అన్నది.

ఈ సంబంధం గురించి ఆ కథలో ఎన్ని పేచీలు వస్తాయో మీకు తెలుసు. అవన్నీ ఒక ఎత్తు, పెద్దలూ పిన్నలూ ఒక్క వరసలో కలిసిన ఆ మూడు నిమిషాలు ఒక ఎత్తు. పాట కలిసినప్పుడు సంబంధం కుదిరినట్టే. ఇక మిగిలింది ఆ ముక్క బలరాముడికి గుర్తు చేయడమే. ఆ పనికే గదా ఘటోత్కచుడు వచ్చేది.

ఇద్దరు శశిరేఖలు

రెండో ఆట. నేను పదేళ్ళవాణ్ణి. ఘటోత్కచుడు ద్వారకలో దిగేదాకా మేలుకున్నాను. ఆ తరువాత ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు. మెలకువ వచ్చేసరికి తెరమీద సావిత్రి పెళ్ళికూతురి సంబరంతో ఆడుతోంది. చేయవలసిన పని మానేశానన్న భయంతో గబగబా చెప్పాను. "అవ్వా, శశిరేఖ ఆడుతోంది."

"శశిరేఖ గాదురా. వాడు."

"ఎవరు?"

"ఆ రాక్షసుడు. ఇది ఆ పిల్ల గొంతు గాదు. వింటావుండు, మధ్యలో మగోడు బయటికొస్తాడు."

నేను నిద్రపోయినప్పుడు ఆమె మాటలన్నీ వింటూనే వుంది గనుక, కథ అట్లా తెలిసి వుంటుందని ఇప్పుడు మీరు అనవచ్చు. నిజమే. కాని ఆమె చెప్పిన కారణం అది కాదు. ఆ కారణం అక్షరాలా సరైనదని నాకు తెలియడానికి ఎన్నో ఏళ్ళు పట్టింది. అభిమన్యుడితో అసలు శశిరేఖ పాడే యుగళగీతాలకు గొంతు పి. లీలది. 'అహ నా పెళ్ళియంట' దగ్గరకు వచ్చేసరికి సుశీల పాడింది. అందులో ఘంటసాల గొంతు కూడా వినపడుతుంది. తెరమీద వున్నది ఒక్క సావిత్రే. అదే ముఖం, అవే నగలు. కంటికి ఇద్దరు శశిరేఖలకూ తేడా లేదు. చెవికి మాత్రం వుంది. ఆడపిల్ల రూపంలో దాగిన మగవాణ్ణి తెర దాస్తుంటే, పాట పట్టిస్తున్నది.

మాయ కథలన్నిటికీ ఇదే చిక్కు. ఎవరు ఎవరో తెలియకపోతే కథ లేదు. మరీ తెలిసిపోతే మాయ లేదు. మాయాబజార్‌లో కన్ను మోసపోతుంది, చెవి మోసపోదు. కౌరవులు చూస్తారు గనుక మోసపోయారు. మనం వింటాము గనుక నవ్వుకున్నాము. ఆ హాలు మొత్తంలో మోసపోయినవాణ్ణి నేనొక్కణ్ణే. కళ్ళు విప్పి చూసి, చూసిందే చెప్పాను!

వండినవారు ఇద్దరు

ఈ సంగీతం ఒక్క చేతి వంట కాదు. మొదట సాలూరి రాజేశ్వరరావుగారు కూర్చున్నారు. నాలుగు పాటలకు వరసలు కట్టి ఆయన తప్పుకున్నారు. పడవ పాట ఆ నాలుగింటిలోదే. మిగిలిన పాటలు, పద్యాలు ఘంటసాలగారి మీద పడ్డాయి. రాజేశ్వరరావుగారి వరసలకు వాద్యాలు సమకూర్చి రికార్డు చేయించిన బాధ్యత కూడా ఆయనదే. ఇద్దరు వండిన వంట అని వినేవాడికి తెలియదు. అదే గొప్ప.

ఘంటసాలగారు విజయనగరం సంగీత కళాశాలలో శాస్త్రీయంగా చదువుకున్నారు. నాటకాల పద్యమూ ఎరుగుదురు. అందుచేత దర్బారు ఎట్లా వినపడాలో, డేరా ఎట్లా వినపడాలో రెండూ ఆయనకు తెలుసు. ప్రేమికులకు మెత్తని రాగం ఇచ్చిన సినిమాలోనే, ఘటోత్కచుడు భోజనానికి కూర్చున్నప్పుడు నాటకరంగం నుంచి వచ్చిన వరసే పెట్టారు. 'వివాహ భోజనంబు' అంతకు ముందు సురభి వాళ్ళ నాటకాల ద్వారా జనానికి తెలిసినదే. సినిమాలో మాధవపెద్ది సత్యం పాడారు. ఆ గొంతు, ఆ నవ్వు, యస్.వి. రంగారావుగారి ఆకారం ఒకదానికొకటి కొలిచి కుట్టినట్టు వుంటాయి. హాలులో అది మొదలు కాగానే అవ్వ కూడా లోలోపల కలిపి పాడింది. ఆమెకు సినిమాకంటే ముందే వచ్చిన పాట అది.

ఆ రోజుల్లో పాట రికార్డింగు అంటే ఇప్పటిలాగా ఎవరి ముక్క వారు వేరువేరుగా పాడి అతికించేది కాదు. పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు ఒకే చోట చేరి, మొదటినుంచి చివరిదాకా ఒక్క ఊపున నడిపించాలి. ఒక వయొలిన్ తప్పితే అందరూ మళ్ళీ మొదలు. నేపథ్య సంగీతానికి బొమ్మను తెరమీద ఆడిస్తూ, దానికి సరిగ్గా వాద్యగోష్ఠి వాయించేవారు. అంటే తోలుబొమ్మల వెనక మద్దెల వాయించేవాడు చేసిన పనినే, పెద్ద గదిలో ఇంకా ఎక్కువమంది కలిసి చేశారన్నమాట.

రష్యాలో ప్రొకోఫియెవ్ అనే సంగీతకర్త 1936లో పిల్లలకోసం 'పీటరు - తోడేలు' అనే కథను వాద్యగోష్ఠికి కట్టాడు. అందులో పిట్టకు పిల్లనగ్రోవి, పిల్లికి క్లారినెట్, తాతకు బసూన్, తోడేలుకు మూడు హార్న్ వాద్యాలు. ఏ పాత్ర వస్తే ఆ వాద్యం మోగుతుంది. దాన్ని మొదటిసారి విన్నప్పుడు పడమటివాళ్ళు ఎంత బాగా ఆలోచించారని మెచ్చుకున్నాను. మా ఊరి బొమ్మలాటలో దరువు చేసేది అదే పని కదా అని తరువాత తోచింది. తాడిపత్రిలో పుట్టిన దర్శకుడు కె.వి. రెడ్డిగారు, కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన నిర్మాత నాగిరెడ్డిగారు మా సీమవాళ్ళే. ఈ కథను ఏ చెవులు వింటాయో వాళ్ళకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

మాట పోయిన రాత్రి

అవ్వ సినిమా చూస్తుందన్న సంగతి ఆళ్ళగడ్డలో కూడా తెలిసిపోయింది. ఆ ఏడే వానాకాలం మొదట్లో మా ఊరి టూరింగ్ టాకీసుకు 'పాతాళభైరవి' వచ్చింది. 1951 నాటి బొమ్మ. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథల నుంచి పింగళి నాగేంద్రరావుగారు అల్లిన కథ. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి వెళ్ళిన గౌరవం దానిది. సంగీతం మళ్ళీ ఘంటసాలే. ఈసారి అవ్వ టిక్కెట్టు గురించి ఎవరూ మాట్లాడలేదు.

నేల టిక్కెట్టు. ఇసుక మీద ఆడవాళ్ళవైపు అవ్వను కూర్చోబెట్టి నేనూ అక్కడే కూలబడ్డాను. రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగేది. బయట ఆయిల్ ఇంజను చప్పుడు. అయినా అవ్వకు హాయిగానే వుంది. రేలంగి పాట వచ్చినప్పుడు, అది ఆయన సొంత గొంతే గనుక, మాట ఆగి పాట మొదలైనట్టే తోచలేదని తెగ నవ్వింది. మాంత్రికుడు 'డింభకా' అన్నప్పుడల్లా నా చెయ్యి గట్టిగా పట్టుకునేది.

సరిగ్గా మాంత్రికుడు తోటరాముణ్ణి బలికి తీసుకుపోయే ఘట్టంలో మాట పోయింది. బొమ్మ ఆడుతోంది. శబ్దం లేదు. జనం ఈలలు వేశారు. కాసేపటికి సర్దుకుని బొమ్మనే చూడసాగారు. అందరికీ కథ తెలిసిందే, కత్తి కనపడుతోంది, భైరవి విగ్రహం కనపడుతోంది. వాళ్ళకు సరిపోయింది.

అవ్వ నా వైపు తిరిగింది. "ఇప్పుడు నాకు కండ్లు పోయినాయిరా" అన్నది.

ఇన్నేళ్ళుగా చూపు లేకపోయినా ఆ మాట ఆమె నోట నేను వినలేదు. నాకు దుఃఖం వచ్చింది. గబగబా చెప్పడం మొదలుపెట్టాను. "గుహ అవ్వా. పెద్ద విగ్రహం. మాంత్రికుడు మొక్కుతున్నాడు. రాముడు కత్తి ఎత్తినాడు..."

"భయపడి ఎత్తినాడా, తెగించి ఎత్తినాడా?"

నేను తెర వైపు చూశాను. కత్తి కనపడుతోంది. చెయ్యి కనపడుతోంది. భయమో తెగింపో ఎట్లా చెప్పేది? "తెలియదవ్వా" అన్నాను.

"అది చెప్పేదానికేరా వాయిద్యాలు" అన్నది.

సినిమా సంగీతం గురించి తరువాత చాలా చదివాను. ఇంత క్లుప్తంగా ఎవరూ చెప్పగా చూడలేదు. ఏమి జరిగిందో బొమ్మ చెబుతుంది. ఆ జరిగినది ఆ మనిషికి ఏమిటో వాద్యం చెబుతుంది. మాయ కథకు ఇది మరీ అవసరం. మామూలు కథలో మనిషి ముఖాన్ని నమ్మవచ్చు. మాంత్రికుడు, మాయాశశిరేఖ, మయసభ లాంటి విడిది వున్నచోట ముఖాన్ని నమ్మితే ఎట్లా?

రంగులు వచ్చాయి

2010లో మాయాబజార్‌కు రంగులు అద్ది, శబ్దాన్ని కూడా బాగుచేసి, నిడివి కొంత తగ్గించి మళ్ళీ విడుదల చేశారు. మనవలను తీసుకుని వెళ్ళాను. లడ్డూలు పసుపుపచ్చగా, పట్టుచీరలు ఎర్రగా వున్నాయి. పిల్లలు ముచ్చటపడ్డారు. నాకూ బాగానే వుంది. కాని నవ్వు ఎక్కడెక్కడ పుట్టిందో లెక్క పెట్టుకున్నాను. 1965లో నంద్యాలలో ఎక్కడ నవ్వారో అక్కడే నవ్వారు. ఆ నవ్వులకు రంగుతో పని లేకపోయింది.

కన్ను అందుకున్నది

అవ్వ సంగతి పూర్తి చేయాలి. 1968లో మా నాయన బతిమాలగా బతిమాలగా ఆపరేషనుకు ఒప్పుకుంది. ఒక కంటికి చూపు కొంత వచ్చింది. సోడాబుడ్డి అద్దాలు పెట్టారు. రెండేళ్ళకు మాయాబజార్ మళ్ళీ నంద్యాలకు వచ్చింది. అప్పటికి కాలేజీ చదువుకు నేను మామ ఇంట్లోనే వున్నాను. సిరివెళ్ళ మీదుగా వచ్చే బస్సులో అవ్వను ఆయనే స్వయంగా వెళ్ళి తీసుకువచ్చాడు. టిక్కెట్టు ముందు రోజే తీసిపెట్టాడు.

ఘటోత్కచుడు తెరమీదికి రాగానే అవ్వ అద్దాలు సర్దుకుంది. "వీడేనా? నేను విన్నవాడు ఇంకా పెద్దగా వుండె" అన్నది. మామ పగలబడి నవ్వాడు. రంగారావుగారి అంతటి విగ్రహం చాలని ప్రేక్షకురాలు ఆంధ్రదేశంలో ఈమె ఒక్కతే అయివుంటుంది.

పడవ పాటకు కళ్ళు మూసుకుంది. నిద్ర వస్తోందేమోనని మామ కంగారుపడ్డాడు. "లేదు నాయనా, ఇది నాకు తెలిసిన పడవ" అన్నది.

మాయాశశిరేఖ పెళ్ళి పాట వచ్చింది. నేను అవ్వ ముఖం వైపే చూస్తున్నాను. మళ్ళీ కళ్ళు మూసుకుంటుందనుకున్నాను. మూసుకోలేదు. ముందుకు వంగింది. తెరమీద సావిత్రి భుజాలు విసిరి, కాళ్ళు ఎడంగా వేసి, మీసం లేని మగవాడిలాగా నడుస్తోంది. అంతలోనే ఆ ఒయ్యారం, మరుక్షణం మళ్ళీ ఆ విసురు. ఇన్నేళ్ళుగా అవ్వ చెవులు ఆమెకు అందించనిది అది ఒక్కటే.

"ఏమిరా, ఆ మగ గొంతు ఈ పిల్ల కాళ్ళల్లోకి ఎట్ల దిగిందిరా!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పాట అయిపోయినా ఆ నవ్వు ఆగలేదు. మా ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. మామ వాళ్ళతో, "మా అత్త. మొదటిసారి చూస్తోంది" అన్నాడు.

"రెండోసారి" అన్నది అవ్వ.